తొమ్మిది గీతలు

కాంచన పెట్టిన నియమం ఒక్కటే: మాట చెప్పిన వాళ్ళకే ఇటుక.

బాల్వాడికి ఆటవస్తువులు లేక కాదు. రంగురంగుల కర్రదిమ్మెల పెట్టె ఆఫీసు నుంచి వచ్చి ఎనిమిది నెలలయింది. ఒక్క దిమ్మె పోయినా రిజిస్టరులో ఎర్రసిరా పడుతుందని భయపడి ఆయా వరదమ్మ దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. తిరువళ్ళూరులో జరిగిన పదిరోజుల ట్రైనింగులో మాత్రం, పిల్లలకు మాటలు రావాలంటే చేతికి ఏదో ఒకటిచ్చి కట్టించండి, కడుతున్నంతసేపూ అడుగుతూ ఉండండి అని చెప్పారు. రేకుల షెడ్డులో నడిచే బాల్వాడి పక్కనే కొత్త బాల్వాడి కడుతున్నారు. కాంచన అక్కడ పారేసిన ఇటుక ముక్కలను గంపతో తెప్పించి చింతచెట్టు కింద పోయించింది.

తిరుత్తణి నుంచి పొదటూరుపేట పోయే రోడ్డు పక్క కాలనీ అది. ఇరవైయేడు మంది పిల్లల్లో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో తమిళం. మొదట్లో మంచినీళ్ళు కావాలన్నా చెంబు వైపు వేలు చూపించి ఏడ్చేవాళ్ళు, రెండు నెలల్లో మాటలు కూర్చి చెప్పడం నేర్చారు.

"నీకేం కావాల?"

"సగం ముక్క కావాల టీచర్. మూలకు పెట్టాల."

"మూలకు ఎందుకు?"

"లేకపోతే గోడ నిలవదు."

అది చెప్పిన పిల్లవాడి చేతిలో సగం ముక్క పడేది.

సోమవారం ఆ వరుసలో ఆరోగ్యమేరి నిలబడింది. నాలుగున్నరేళ్ళ పిల్ల. రెండు రోజులుగా దువ్వని తల, వెనకాల బొత్తాలు లేని గౌను. అరచెయ్యి ముందుకు చాపింది.

"ఏం కావాల తల్లీ?"

పిల్ల ఇటుకల కుప్ప వైపు చూసింది.

"పెద్దదా? చిన్నదా? ఒక్క మాట చెప్పు, ఇస్తాను."

చెయ్యి అలాగే ఉంది. కాంచన వెనకనున్న పిల్లను పిలిచింది. అన్నం వేళయ్యేసరికి చెట్టుకింద పదకొండు గోడలు లేచాయి. కాళ్ళు కడిగించడానికి లేచిన కాంచనకు ఆరోగ్యమేరి వరుస లేని చోట, వరుసలో నిలబడినట్టే కనిపించింది. అరచెయ్యి ఇంకా చాపే ఉంది.

రిజిస్టరులో ఆ పిల్ల పేరుకు ఎదురుగా కాంచన "మాట్లాడదు" అని రాసింది.

"ఎట్లా మాట్లాడతాది?" అంది వరదమ్మ, పప్పు కలియబెడుతూ. "శుక్రవారం కదా వాళ్ళమ్మ పోయింది. శనివారం పూడ్చినారు. ఇంట్లో చూసేదానికి మనిషి లేక వాళ్ళ నాయన సుబ్బన్న ఇయ్యాలే తెచ్చి ఇడిసిపెట్టినాడు."

ఆ పిల్ల తల్లి అలిమేలమ్మ కొత్త కట్టడంలో సిత్తాళు, మేస్త్రీలకు ఇటుకలూ నీళ్ళూ మోసే కూలి. కాంక్రీటు పోసిన మిద్దెకు రోజూ నీళ్ళు పట్టేది. వాకిటి మీది సజ్జ విరిగి ఆమె మీద పడిందని కాంచనకు తెలుసు. శుక్రవారం కాంచన సెలవులో ఉంది.

"సజ్జ ఎందుకు పడింది?"

"ముట్టు పీకిందంట కదమ్మా." ముట్టు అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆనించే సరుగుడు కర్ర. "పొయ్యిలోకి కట్టెలు వస్తాయని రెండు ముట్లు లాగిందంట. దాని ఆశే దాన్ని తినేసింది. చెంగల్రాయుడు మేస్త్రీ అందరి ముందరా చెప్పినాడు. కాయితం కూడా రాసినారు."

వరదమ్మ వంగి పొయ్యిలోకి ఇంకో కర్ర తోసింది. దాని కొసకు సిమెంటు అంటుకుని ఉంది.

*

మంగళవారం ఆ పిల్ల మళ్ళీ వచ్చి చెయ్యి చాపింది. కాంచన తన నియమాన్ని తనే తప్పింది. ఒక పెద్ద ముక్క, ఒక సగం ముక్క ఆ అరచేతిలో పెట్టింది.

"దానికి మాట లేకుండానే ఇచ్చినారు టీచర్," అన్నాడు ద్వారకనాథ్. ఐదేళ్ళవాడు, బాల్వాడిలో అందరికంటే పెద్ద గొంతు వాడిదే.

"దానికి అప్పుగా ఇచ్చినాను. నువ్వు పోయి కట్టుకో."

తక్కిన పిల్లలు ముక్క మీద ముక్క నిలువుగా పేర్చేవాళ్ళు. ఆరోగ్యమేరి అలా పేర్చలేదు. కింది వరుసలో రెండు ముక్కలు కలిసిన చోట, పై వరుసలో ఇటుక మధ్యభాగం వచ్చేలా పెట్టింది. ప్రతి వరుసకూ తడిమట్టిని వేలితో పరిచి, మిగిలింది గీకి తీసింది. నాలుగు వరుసలయ్యాక ఒంటికన్ను మూసి గోడ వెంట చూసింది. కాంచనకు నవ్వు వచ్చింది. ఆ కన్ను మూయడం మేస్త్రీది.

మిద్దెకు ఒక పగిలిన పలక దొరికింది. అది గోడల మీద పెట్టేముందు పిల్ల నాలుగు పుల్లలు విరిచి లోపల నిలబెట్టింది. ముందు వైపు పలక కొంచెం బయటికి పొడుచుకు వచ్చేలా జరిపి, దాని కింద ఇంకో రెండు పుల్లలు ఆనించింది. తర్వాత కొబ్బరిచిప్పతో నీళ్ళు తెచ్చి, పలక మీద చుక్కచుక్కగా పోసింది.

ద్వారకనాథ్ వచ్చి చూశాడు. వాడి గోడ అప్పటికే రెండుసార్లు కూలింది. వంగి, ముందరి పుల్ల పట్టుకున్నాడు.

"తీయొద్దు."

ఎవరన్నారో మొదట కాంచనకు అర్థం కాలేదు. గొంతు బొంగురుగా ఉంది.

"తీయొద్దు. తొమ్మిది గీతలే అయినాయి."

కాంచన మోకాళ్ళ మీద కూర్చుంది. గట్టిగా మాట్లాడితే ఆ మాట బెదిరిపోతుందేమోనని మెల్లగా అడిగింది. "ఎన్ని గీతలు కావాల తల్లీ?"

"ఇంకా పన్నెండు," అంది ఆరోగ్యమేరి, నీళ్ళు పోస్తూనే.

ఆ సాయంత్రం తిరుత్తణి బస్సులో నిలబడి పోతున్నప్పుడు కాంచనకు ఆ మాటే చెవిలో ఉంది. శుక్రవారం సూపర్వైజరమ్మ వస్తుంది. కొత్త బాల్వాడి తాళాలు అప్పగించే కాయితం మీద టీచరు సంతకం కావాలి. ఆదివారం ఎవరో పెద్దాయన వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు, సోమవారం నుంచి పిల్లలు లోపల కూర్చోవాలి. ఆ శుక్రవారమే ఈ పిల్ల చేత నాలుగు వాక్యాలు మాట్లాడించి చూపించాలనుకుంది. పర్మనెంటు కాని ఉద్యోగానికి అలాంటిదొకటి రిపోర్టులో పడితే మంచిదని కూడా అనుకుంది. తొమ్మిది, పన్నెండు కలిపితే ఇరవైయొకటి అని, మిద్దె కింద ముట్లు ఉంచాల్సిన రోజులు అవేనని ఆమెకు బస్సు దిగిన తర్వాతగాని తట్టలేదు.

*

బుధవారం ఆరోగ్యమేరి ఎవరూ అడగకుండానే పిల్లలను పనికి పెట్టింది.

"నువ్వు మేస్త్రీవి. తలకు తువ్వాలు కట్టుకో. నువ్వు లారీ, అక్కడ నిలబడుకో. కుప్పమ్మా, నువ్వు అమ్మ."

ద్వారకనాథ్ అన్నం తినేటప్పుడు చేతులు తుడుచుకునే తువ్వాలు తెచ్చి తలకు చుట్టుకున్నాడు.

"'లారీ వచ్చేసింది, సీక్రం ముట్లు పీకండి' అనాల," అంది ఆరోగ్యమేరి.

"అనేసినా."

"అట్లా కాదు. చెయ్యి నడుము మీద పెట్టుకోని అనాల."

వాడు చెయ్యి నడుము మీద పెట్టుకుని అరిచాడు. లారీ అయిన పిల్లవాడు బుర్రుమన్నాడు. కాంచన చీరకుచ్చిళ్ళు సర్దుకుని దగ్గరగా కూర్చుంది. ఎక్కడా ఆపకూడదు, అడుగుతూ ఉండాలి. ట్రైనింగులో చెప్పింది అదే.

"లారీ ఎందుకు వచ్చింది?"

"ముట్లు వేరే కట్టడానికి ఎత్తుకపోవాల. అక్కడ మిద్దె పోస్తా ఉండారు."

"అప్పుడు అమ్మ ఏం చేసింది?"

ఆరోగ్యమేరి కుప్పమ్మ వైపు తిరిగింది. "నువ్వు బిందె కింద దించాల. దించి చెప్పాల. 'అన్నా, తొమ్మిది గీతలే అయినాయి. ఇంకా పన్నెండు ఉండాయి.'"

కుప్పమ్మ చెప్పింది.

"మేస్త్రీ, నువ్వు నవ్వాల. నవ్వి, 'మిద్దె కట్టేది నువ్వా నేనా మే? నీళ్ళు పోసేదానివి నీళ్ళు పొయ్యి' అనాల."

ద్వారకనాథ్ నవ్వాడు. ఆ నవ్వు విని మిగతా పిల్లలూ నవ్వారు. కాంచన ముఖంలో అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది.

"ముట్టు పీకింది ఎవరు తల్లీ?"

ఆ ఒక్క ప్రశ్నకు ఆరోగ్యమేరి జవాబు చెప్పలేదు. ఏ పిల్లకూ ఆ పని ఇవ్వలేదు. తనే వంగి, పలక ముందరి పుల్లలు రెండూ లాగేసింది. పలక ఒక పక్కకు ఒరిగి నేలకు కొట్టుకుంది.

"అమ్మ పడుకోవాల."

"నేను పడుకోను. గౌను మాసిపోతాది," అంది కుప్పమ్మ.

"పడుకోవాల. పడుకోని లేయకూడదు."

కాంచన లేచి, అన్నం వేళయిందని చెప్పింది. అప్పటికి పదకొండు కూడా కాలేదు.

పిల్లలు పడుకున్న తర్వాత ఆమె కొత్త కట్టడం చుట్టూ తిరిగి చూసింది. సజ్జ విరిగిన చోట ఇనపకమ్ములు కోసేసి, పైన సిమెంటు పూశారు. లోపల ఒక్క ముట్టు కూడా లేదు. మిద్దె పైకి నిచ్చెన వేసి ఉంది గాని, పైనుంచి నీటిచుక్క రాలడం లేదు. వెనక గోడకు తన నడుము ఎత్తులో బొగ్గు గీతలు కనిపించాయి. ఒక్కొక్కటి జానెడు పొడవు, వంకర లేకుండా దించినవి. వాటి పక్కనే, ఇంకా కింద, మోకాలి ఎత్తులో, వంకరటింకరగా చిన్న గీతలు ఉన్నాయి. తల్లి గీసినప్పుడల్లా పిల్ల కూడా గీసింది. కాంచన రెండు వరుసలూ వేలు పెట్టి లెక్కపెట్టింది. రెంటిలోనూ తొమ్మిదే.

కట్టెల మీద ఆశ ఉన్న మనిషి రోజులు లెక్కపెట్టి గోడ మీద రాసుకోదని ఆమెకు అనిపించింది. షెడ్డుకు తిరిగి వచ్చేసరికి వరదమ్మ పొయ్యి ఆర్పి, మిగిలిన సరుగుడు కర్రలను మరుసటి రోజుకు గోడకు ఆనిస్తోంది.

"ఈ కట్టెలు ఎవరిచ్చినారు వరదమ్మా?"

"మేస్త్రీ. పిల్లోళ్ళ అన్నానికని ఇచ్చినాడు. మంచోడే."

*

గురువారం ఉదయం గోడ తెల్లగా ఉంది.

సుబ్బన్న కుంచెతో సున్నం కొడుతున్నాడు. వెనక గోడ పైభాగమంతా అయిపోయి, కింది వరుస దగ్గరికి వచ్చాడు. కాంచన వెళ్ళేసరికి నడుము ఎత్తు గీతల మీద ఒక పూత పడి, లోపలి నుంచి బూడిదరంగు కనబడుతోంది. ఆమెను చూసి అతను కుంచె బకెట్లో ఉంచి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"టీచరమ్మా, ఒక మాట."

"చెప్పు సుబ్బన్నా."

"పాప మాట్లాడతా ఉండాదంట."

"అవును. వాక్యాలకు వాక్యాలే చెప్తా ఉంది. తక్కిన పిల్లలకు కూడా నేర్పిస్తా ఉంది."

"అదేనమ్మా. మాన్పించు."

"ఎందుకు?" అంది కాంచన.

"మేస్త్రీ ఆవడిలో పని ఉండాది, తీసకపోతా అన్నాడు. అందాకా ఈ పనోళ్ళ షెడ్డులోనే పడుకోమన్నాడు. కాయితం మీద ఏలిముద్ర ఏసేసినాను. కట్టెలకోసం పీకిందని అందులో రాసుండాది. చదివి వినిపించే ఏయించుకున్నారు. ఇప్పుడు పిల్ల యాడైనా ఒకటంటే, నేను ఇంకొకటి చెప్పినట్టు అవతాది కదా."

"అది అబద్ధమని నీకు తెలుసు గదా."

"తెలవకేం." సుబ్బన్న బకెట్లోని సున్నం వైపు చూస్తూ నిలబడ్డాడు. "నేనే కదమ్మా పీకింది. మేస్త్రీ చెప్పినాడు, పీకినాను. అది కింద బిందె దించతా ఉండాది. పాప నీళ్ళ తొట్టికాడ నిలబడి చూస్తానే ఉండాది."

కాంచనకు బుధవారం తను అడిగిన ప్రశ్న, దానికి రాని జవాబు, ఆ పిల్ల తనే వంగి లాగిన రెండు పుల్లలు గుర్తొచ్చాయి.

"పాప నీతో ఏమన్నా అనిందా?"

"నాతో మాట్లాడేదే లేదు. మీకాడే మాట్లాడతా ఉండాది."

అతను కుంచె తీసి మళ్ళీ గోడకు తిరిగాడు. నడుము ఎత్తు గీతల మీద రెండో పూత వేశాడు. మోకాలి ఎత్తు గీతల దగ్గరికి వచ్చాక కూర్చున్నాడు. కూర్చుని చాలాసేపు కుంచె ఎత్తలేదు. కాంచన వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి అవి కూడా లేవు.

*

శుక్రవారం పొద్దున్నే కాంచన వరదమ్మ కొంగులోని తాళంచెవి అడిగి తీసుకుంది. ఇటుక ముక్కలను గంపలకెత్తించి చెట్టు వెనక పోయించింది. ఆరోగ్యమేరిని పక్కకు పిలిచి, తల దువ్వి, తన దగ్గరున్న పిన్నీసుతో గౌను వెనక కలిపింది.

"ఇయ్యాల ఏం మాట్లాడొద్దు తల్లీ. నాయన చెప్పినాడు."

పిల్ల తలూపింది. తర్వాత అడిగింది. "ఎన్ని దినాలు?"

కాంచన దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీస్తూ ఉండిపోయింది.

సూపర్వైజరమ్మ పదకొండు గంటలకు కాంట్రాక్టరు సుందరరాజ్ కారులో దిగింది. వెనకే చెంగల్రాయుడు మేస్త్రీ సైకిలు మీద వచ్చాడు. ఆమె నలభై దాటిన మనిషి, తిరువళ్ళూరు నుంచి రైలులో నిలబడి వచ్చిన అలసట ముఖంలో ఉంది. కట్టడాన్ని వాకిటి నుంచే చూసి, బాగుందని, సున్నం వాసన పోవడానికి కిటికీలు తెరిచి ఉంచమని చెప్పింది. చేతిసంచిలోంచి కాయితం తీసి బల్ల మీద పెట్టింది.

"సంతకం తర్వాత. ముందు పిల్లల చేత మాటలాట ఒకటి చేయించండి. రిపోర్టులో రాయాలి," అని తమిళంలో చెప్పింది.

కాంచన పెట్టె తెరిచింది. దిమ్మెలకు ఇంకా వార్నీషు వాసన పోలేదు. ఎరుపు, పసుపు, నీలం. పిల్లలు మొదట ముట్టుకోలేదు. తర్వాత ఒకరొకరే వచ్చి చెయ్యి చాపారు.

"నీకేం కావాల?"

"ఎర్రది కావాల టీచర్. గోడ కట్టాల."

"నాకు పొడుగుది కావాల. మిద్దెకు."

సూపర్వైజరమ్మ తలూపుతూ రాసుకుంటోంది. ఆరోగ్యమేరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పిల్లలు నాలుగు గోడలు లేపారు. పైన పొడవు దిమ్మెలు పరిచారు. కుప్పమ్మ నాలుగు సన్న దిమ్మెలు తెచ్చి కింద నిలబెట్టింది. కాంచన ఒక అడుగు ముందుకు వేసింది. అప్పటికే ద్వారకనాథ్ తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

చెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు. "లారీ వచ్చేసింది. సీక్రం ముట్లు పీకండి."

లారీ బుర్రుమంది.

"అన్నా, తొమ్మిది గీతలే అయినాయి," అంది కుప్పమ్మ. ఆమె ఒక్కతే అనాల్సిన మాట అది. రెండు రోజుల్లో అందరికీ నోటికి వచ్చేసింది. ఇరవై గొంతులు పద్యం చెప్పినట్టు కలిసి పలికాయి. "ఇంకా పన్నెండు ఉండాయి."

"మిద్దె కట్టేది నువ్వా నేనా మే?" ద్వారకనాథ్ నవ్వాడు. ఆ నవ్వు ఎవరిదో అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. చెంగల్రాయుడు సైకిలు హ్యాండిల్ పట్టుకుని నేల చూస్తున్నాడు. "నీళ్ళు పోసేదానివి నీళ్ళు పొయ్యి."

ముట్లు పీకడానికి ఎవరూ రాలేదు. పిల్లలు ఆరోగ్యమేరి వైపు చూశారు. ఆమె కదల్లేదు. ఆట అక్కడే నిలిచిపోయింది.

సుందరరాజ్ నెమ్మదిగా అడిగాడు. "ఆ మూల కూర్చుంది సుబ్బన్న కూతురు కదా?"

వాకిట్లో సున్నం బకెట్ కడుగుతున్న సుబ్బన్న చేతులు ఆగాయి.

"ఈ ఆట ఎవరు నేర్పారు?" అంది సూపర్వైజరమ్మ.

"నేనే నేర్పినాను మేడమ్," అంది కాంచన.

"ఈ మాటలన్నీ?"

"అన్నీ నేనే. ఆ పాపకు మాటలు రావు. రిజిస్టరులో రాసే ఉంది, చూడండి."

సోమవారం పేజీ తెరిచి చూపించింది. తన చేతిరాతతో ఉన్న ఆ ఒక్క మాట మీద సుందరరాజ్ వేలు పెట్టి చదివాడు. ఆరోగ్యమేరి తలెత్తి కాంచనను చూసింది. నోరు కొంచెం తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

సూపర్వైజరమ్మ కాయితాన్ని కాంచన ముందుకు జరిపింది. పెన్ను మూత తీసి పక్కన పెట్టింది.

"ముట్లు తిరిగి పెట్టించి, నీళ్ళు పట్టించండి మేడమ్. పన్నెండు రోజులు అయినాక సంతకం పెడతాను. అందాకా పిల్లల్ని లోపల కూర్చోబెట్టను."

"మీది పర్మనెంటు పోస్టు కాదు. అది గుర్తుంది కదా?" అంది సూపర్వైజరమ్మ.

"ఉంది."

ఆమె కాంచన ముఖంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత మిద్దె వైపు, కమ్ములు కోసిన చోటికి చూసింది. పెన్ను మూత పెట్టి, కాయితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "సోమవారం తిరువళ్ళూరు ఆఫీసుకు రండి. తాళంచెవులు ఆయమ్మకు ఇచ్చేసి రండి," అంది. వెళ్ళేటప్పుడు ఆమె కారు ఎక్కలేదు. బస్సుకోసం రోడ్డు దాకా నడిచింది.

*

నాలుగు గంటలకు లారీ వచ్చింది. సరుగుడు కర్రలు దింపారు. చెంగల్రాయుడు ఎవరితోనూ మాట్లాడకుండా లోపల ఒక్కొక్కటే నిలబెట్టించాడు. సుబ్బన్న కింద చెక్కలు కొట్టి బిగించాడు. ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. అలిమేలమ్మ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

"చూడండమ్మా, ఎన్ని కట్టెలో," అంది వరదమ్మ, కుళాయి దగ్గర నిలబడి. "వీటికోసమే కదా పాపం ప్రాణం పోగొట్టుకుంది."

తాళంచెవులు ఆమె కొంగులో ఉన్నాయి. కాంచన సంచి భుజానికి తగిలించుకుని బస్సుకు బయలుదేరి, కట్టడం వెనకగా నడిచింది.

సుబ్బన్న నీళ్ళబిందె భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు. మిద్దె అంచు నుంచి నీళ్ళు కారడం మొదలయింది. కింద ఆరోగ్యమేరి తెల్లటి గోడ ముందు కూర్చుని ఉంది. వరదమ్మ పొయ్యిలోంచి తెచ్చుకున్న బొగ్గు చేతిలో ఉంది. మోకాలి ఎత్తులో, పైనుంచి కిందికి, ఒక గీత గీసింది.

కాంచన పక్కన చతికిలబడింది. "ఇది ఎన్నోది తల్లీ?"

పిల్ల గీత వైపే చూస్తోంది. నిచ్చెన మీద తండ్రి కాళ్ళు ఆగాయి. పిల్ల పెదవులు కదలలేదు.

బస్సు హారను రోడ్డు మలుపులో వినిపించింది. కాంచన లేవలేదు.

"ఒకటి," అంది తనే. నిచ్చెన మీదికి వినబడేలా ఇంకోసారి అంది. "ఒకటి."

ఆరోగ్యమేరి బొగ్గు కింద పెట్టింది. చెట్టు వెనక్కి వెళ్ళి, గంపల్లోంచి పోసిన కుప్పలో వెతికి, ఒక ఇటుక ముక్క తీసుకుని వచ్చింది. కాంచన అరచెయ్యి విప్పి, అందులో పెట్టింది.